మాత్రలు వద్దన్న తల్లి: ఉపశమన సంరక్షణలో ఒక చాప్లిన్ కేస్ స్టడీ

ఉత్తరాంధ్రలో ఒక ఆసుపత్రికి అనుబంధంగా పనిచేసే గృహ సంరక్షణ బృందంలో నేను చాప్లిన్‌ను, అంటే రోగులకు ఆధ్యాత్మికంగా తోడుండే సేవకుణ్ని. ఇక వ్యాధి నయం కాదని తేలిన రోగుల ఇళ్లకు మా డాక్టరు, నర్సు వారం వారం వెళ్తుంటారు. రోగి గానీ ఇంటివారు గానీ కోరినప్పుడు నేనూ వెళ్తాను. తొమ్మిది వారాల పాటు మేము చూసిన ఒక తల్లి గురించి ఇక్కడ రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకునే రాస్తున్నాను, మనిషిని గుర్తుపట్టించే వివరాలు మార్చాను. రోగుల మంచాల పక్కన కూర్చుని ప్రార్థన చేసే పాస్టర్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి ఈ కేసు తెలియాలని నా కోరిక. ఎందుకంటే ఆ తల్లిని బాధపెట్టింది క్యాన్సర్ ఒక్కటే కాదు. విశ్వాసం అంటే ఇలాగే ఉండాలని ఆమె చుట్టూ ఉన్నవారు పెట్టుకున్న లెక్క కూడా ఆమెను అంతే బాధపెట్టింది.

రోగి పరిస్థితి

ఆమె వయసు 58 ఏళ్లు. సముద్రతీర గ్రామం, చేపల వేట మీద బతికే కుటుంబం, భర్త పోయి చాలా కాలమైంది, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు. చిన్న వయసు నుంచి అడ్డపొగ అలవాటు. నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చడాన్ని శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతంలో అడ్డపొగ అంటారు. ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది కాబట్టి ఈ అలవాటు ఉన్న స్త్రీలలో అంగిలి క్యాన్సర్ కనిపించడం ఇక్కడి వైద్యులకు దశాబ్దాలుగా తెలిసిన సంగతే. ఆమెకూ అదే వచ్చింది. రేడియేషన్ తర్వాత కొన్ని నెలలు నెమ్మదించిన కణితి మళ్లీ పెరిగి, అంగిలికి రంధ్రం పడి, తాగిన గంజి ముక్కులోంచి బయటికి రావడం మొదలైంది. చివరికి ముక్కు గొట్టం వేయవలసి వచ్చింది. ఎడమ చెంప మీద పుండు పైకి తేలి వాసన వేసేది. మాట ముక్కుతో పలికేది. అలవాటైన వారికి తప్ప అర్థమయ్యేది కాదు.

ఈ తీరంలో బాప్టిస్టు సంఘాలకు చాలా వరకు పందొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చిన కెనడా మిషనరీల కాలం నుంచి చరిత్ర ఉంది. ఆమె సంఘమూ అటువంటిదే. ఆమె చదువుకోలేదు, కానీ 23వ కీర్తన మొత్తం నోటికి వచ్చు. శుక్రవారం ఉపవాస కూడికలో ఆమె ప్రార్థన మొదలుపెడితే వీధి చివరి వరకు వినిపించేదని ఊరివాళ్లు చెప్పారు.

నన్ను పిలిచిన కారణం

నర్సు ఫోను చేసి చెప్పిన విషయం ఇది. డాక్టరు తీవ్రమైన నొప్పిని తగ్గించే 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రలు రాశారు. వాటిని నీళ్లలో కరిగించి, సిరంజితో గొట్టంలో 4 గంటలకొకసారి ఇవ్వాలి. మొదటి వారం ఇచ్చిన మాత్రల్లో సగానికి పైగా అలాగే మిగిలిపోయాయి. కోడలు మందు కలిపి తెస్తే అత్తగారు చేత్తో పక్కకు తోసేస్తున్నారు. నొప్పి పదికి ఎంత అని అడిగితే రెండు వేళ్లు చూపిస్తారు. అదే సమయంలో ఇంకో చెయ్యి చీర కొంగును ముడి పడేలా పిండుతూ ఉంటుంది. “ఆవిడ నాతో అబద్ధం చెబుతోందని నాకు తెలుస్తోంది సార్, ఎందుకు చెబుతోందో తెలియడం లేదు” అని నర్సు అంది. ఆధ్యాత్మిక సంరక్షణలో ఇంతకంటే మంచి రిఫరల్ నాకు ఎప్పుడూ రాలేదు.

మొదటి సందర్శన, నా పొరపాటు

కోడలు గుమ్మం దగ్గరే కొంత చెప్పింది. ఐదు నెలల క్రితం పక్క ఊళ్లో జరిగిన స్వస్థత కూడికకు అత్తగారిని తీసుకెళ్లారు. అక్కడి ప్రసంగీకుడు ఆమె తల మీద చేతులుంచి ప్రార్థించి, దేవుడు స్వస్థపరిచాడనీ, ఇకపై మందు ముట్టుకుంటే అది అవిశ్వాసం అవుతుందనీ చెప్పాడు. ఆ రోజు ఆమెకు నిజంగానే నొప్పి తగ్గింది. రేడియేషన్ పూర్తయిన తర్వాతి వారాల్లో కణితి కుంచించుకుపోయి నొప్పి తగ్గడం సాధారణమే. కాబట్టి ఆమె వేదిక మీద చెప్పిన సాక్ష్యంలో అబద్ధం లేదు. ఆ తరువాత నొప్పి తిరిగి వచ్చింది, సాక్ష్యం మాత్రం ఊళ్లో అలాగే నిలిచి ఉంది.

ఇది విన్న వెంటనే సమస్య నాకు తెలిసిపోయిందనుకున్నాను. మంచం పక్కన కుర్చీ వేసుకుని వాక్యం తెరిచాను. పుండు వచ్చి చావుకు దగ్గరైన హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు ఆలకించాడనీ, అయినా యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడనీ చెప్పాను. మంచి సమరయుడు గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడనీ, ఆ కాలంలో గాయానికి అదే వైద్యమనీ చెప్పాను. సువార్త రాసిన లూకా వైద్యుడేనని గుర్తుచేశాను. ఒక్క మాటా తప్పు కాదు. ఆమె అన్నిటికీ తల ఊపింది, చేతులు జోడించి వందనం చేసింది. రెండు రోజుల తర్వాత నర్సు వెళ్లి లెక్కపెడితే ఒక్క మాత్ర కూడా తగ్గలేదు.

ఆమె అడగని ప్రశ్నకు నేను జవాబు చెప్పాను. మందు వాడడం పాపమా కాదా అనేది ఆమె సమస్య అని నాకు నేనే తీర్మానించుకున్నాను. పడకలో ఉన్న మనిషికి, అందులోనూ మాట సరిగా రాని మనిషికి, చాప్లిన్‌తో వాదించే శక్తి ఉండదు. ఆమె తల ఊపడాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. ఇరవై ఏళ్ల సేవ తర్వాత కూడా నేను చేసిన తప్పు ఇది.

రెండో సందర్శన

ఈసారి బైబిలు సంచిలోనే ఉంచి, చాప మీద కూర్చున్నాను. బైబిల్లో ఘోరమైన బాధల్లో పడిన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని, నోరు తెరవక ముందు ఏడు రోజులు అతనితో నేల మీద కూర్చోవడం. చాలాసేపటి తర్వాత ఒకే ప్రశ్న అడిగాను: “అమ్మా, నొప్పి ఉందని చెబితే ఏమవుతుందని నీ భయం?”

ఆమె గోడ వైపు తిరిగింది. ఇక జవాబు రాదనుకుంటున్నప్పుడు మెల్లగా అంది. అర్థం కాక రెండుసార్లు చెప్పించుకున్నాను. “సిన్నోడు మళ్లీ తాగుతాడు బాబూ.”

ఆ కూడిక జరిగిన రాత్రే, తల్లి సాక్ష్యం విని చిన్న కొడుకు అక్కడే మోకరించి, ఇక సారా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పన్నెండేళ్లుగా తాగిన మనిషి ఐదు నెలలుగా తాగలేదు. తల్లి లెక్క ప్రకారం వాడి మార్పు తన స్వస్థత మీద నిలబడి ఉంది. తనకు నొప్పి ఉందని తెలిస్తే దేవుడు తనను బాగుచేయలేదని వాడు అనుకుంటాడు, అలా అనుకుంటే సీసా దగ్గరికి పోతాడు. అందుకే ఆమె మూలుగును కూడా మింగేస్తోంది. ఆమె చేస్తున్నది తల్లి చేసే పనే: నోట్లో నిప్పు పెట్టుకుని కొడుకును కాపాడుతోంది.

అంచనా

మరణం దగ్గరపడిన రోగులను చూసుకునే ఆధునిక హాస్పీస్ ఉద్యమానికి మూలమైన లండన్‌లోని సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను 1967లో ప్రారంభించిన సిసిలీ సాండర్స్, రోగి బాధ శరీరానిది మాత్రమే కాదనీ, మనసు, సంబంధాలు, ఆత్మ అన్నీ కలిసిన సంపూర్ణ వేదన అనీ చెప్పారు. ఆమె మొదట నర్సు, తరువాత సామాజిక కార్యకర్త, ఆ తరువాత డాక్టరు. అన్నిటికీ అడుగున గాఢమైన క్రైస్తవ విశ్వాసం ఉన్న మనిషి. మా కేసులో ఆ నాలుగూ ఒకే ముడిగా బిగుసుకున్నాయి: చెంపలో పుండు, కొడుకు మీద భయం, సంఘంలో మాట పోతుందన్న బెంగ, దేవుడి దగ్గర నిజం చెప్పలేని స్థితి.

తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. గుడిలో విశ్వాసం అంటాం, ఇంట్లో నమ్మకం అంటాం. అప్పు ఇచ్చేటప్పుడు, పిల్లనిచ్చేటప్పుడు, పడవలో తోడు పంపేటప్పుడు మనకు కావలసింది నమ్మకం. అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోగల చనువు. ఆ తల్లి విశ్వాసం చెక్కుచెదరలేదు, కానీ అందులోంచి నమ్మకం తీసేశారు. దేవుడికి నొప్పి అని చెప్పకూడదు, కొడుక్కి చెప్పకూడదు, నర్సుకు చెప్పకూడదు. ఇక ఆమెకు ఎవరితో మాట్లాడే వీలుంది? నా పని ఆమె విశ్వాసాన్ని సరిదిద్దడం కాదని, ఆ నమ్మకానికి మళ్లీ చోటు చేయడమని ఆ రోజు బృందం సమావేశంలో చెప్పాను. ఈ కేసంతటిలో నేను చెప్పదలచుకున్న మాట అదే.

కొడుకుతో మాట

ఆమె అనుమతి లేకుండా కొడుక్కి చెప్పే హక్కు నాకు లేదు. చెప్పమంటావా అని అడిగితే వద్దంది. బలవంతం చేయలేదు. మూడో సందర్శనలో 22వ కీర్తనలోని మొదటి మాట మాత్రం చదివాను: “నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?” ఈ మాట అన్నది ఎవరో తెలుసా అమ్మా అంటే, ప్రభువు సిలువ మీద అన్నాడని ఆమెకు తెలుసు. అదే సిలువ మీద ఆయన దప్పిక అని కూడా అడిగాడు కదా అన్నాను. గొట్టం వేసిన తర్వాత ఆమె నాలుక ఎప్పుడూ ఎండిపోయి ఉండేది; తడి గుడ్డతో పెదాలు అద్దుతూ ఉండవలసి వచ్చేది. ఆమె చాలాసేపు నా వైపే చూసి, “ఆయన కూడా అడిగినాడు గదా” అంది. నాలుగు రోజుల తర్వాత చిన్న కొడుకును పిలిపించింది.

ఆ మాటలు జరిగినప్పుడు నేను గదిలో ఉన్నాను, కానీ ఒక్క మాటా మాట్లాడలేదు. తల్లి చెప్పింది. అతను విన్నాడు, లేచి బయటికి వెళ్లిపోయాడు. మాకందరికీ ఒకే భయం పట్టుకుంది. చీకటి పడేవరకు రాలేదు. ఒడ్డున లాగి పెట్టిన పడవలో కూర్చుని వచ్చాడని తరువాత తెలిసింది. మర్నాడు పొద్దున్నే నర్సుకు ఫోను చేసి అడిగాడట: “మందు ఎన్నెన్ని గంటలకివ్వాలండీ?”

మాత్రలు ఎవరి చేతికి?

దీని మీద ఇంట్లోనూ, మా బృందంలోనూ పెద్ద చర్చే జరిగింది. మార్ఫిన్ మీద 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన కట్టుదిట్టమైన నిబంధనల వల్ల మన దేశంలో ఎందరో రోగులకు ఆ మందు అందకుండా పోయింది. 2014లో చట్టాన్ని సవరించాకే గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దారి కొంత సులువైంది. ఇచ్చిన ప్రతి మాత్రకూ లెక్క ఉండాలి. తాగుడు మాని ఐదు నెలలే అయిన మనిషి చేతిలో ఆ మాత్రలు పెట్టడానికి నర్సు సందేహించింది. పెద్ద కొడుకు గట్టిగానే వద్దన్నాడు. అతని అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు, తమ్ముడు అమ్ముకున్న వల కూడా అతను చూసినవాడే.

తల్లి మాత్రం ఒకటే పట్టుపట్టింది: “ఆడి సేతికే ఇయ్యండి.”

పొద్దున ఆరుకు, పదికి, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఆరుకు ఒక్కో మాత్ర. రాత్రి రెండు గంటలకు నిద్ర లేపనక్కర్లేకుండా, పదింటికి రెండు. రోజుకు 6, వారానికి 42. అంతకు మించి ఒక్కటి కూడా ఇవ్వకుండా, వారం వారం లెక్క చూస్తామన్న షరతు మీద డాక్టరు ఒప్పుకున్నారు. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు కాబట్టి దానికీ మందు రాశారు. కొడుకు నోటుబుక్కు కాగితం మీద గడులు గీసి గంటలు వేసుకున్నాడు, ఇచ్చిన ప్రతిసారీ టిక్కు పెట్టేవాడు. మొదటి వారం నర్సు లెక్కపెట్టినప్పుడు అతను పక్కనే నిలబడ్డాడు. లెక్క సరిపోయింది. ఆ తరువాత ఏ వారమూ తేడా రాలేదు.

పెద్ద కొడుకు ఇంకో ప్రశ్న వేశాడు. సిలువ వేయడానికి ముందు చేదు కలిపిన ద్రాక్షారసం ఇస్తే ప్రభువు రుచి చూసి వద్దన్నాడు కదా, మరి మా అమ్మ మత్తుమందు తీసుకోవచ్చా అని. ఇది తేలికైన ప్రశ్న కాదు, వాక్యం చదివినవాడే అడగగలడు. ప్రభువు తన విషయంలో వద్దనుకున్నాడు, కానీ ఎదుటివారి నొప్పిని ఓర్చుకోమని చెప్పి వదిలేసిన సందర్భం సువార్తల్లో ఒక్కటీ లేదని చెప్పాను. చివరి ఘడియలో దప్పిక అన్నప్పుడు ఇచ్చిన చిరకను, అంటే పులిసిన ద్రాక్షారసాన్ని, ఆయన పుచ్చుకున్నాడని కూడా చూపించాను. అతను పూర్తిగా ఒప్పుకోలేదు, అడ్డూ రాలేదు.

వాకిట్లో ఆగిన స్త్రీలు

స్త్రీల సమాజం వారు ప్రతి బుధవారం వచ్చి ప్రార్థన చేసేవారు, కానీ వాకిట్లోనే. పుండు వాసనకు లోపలికి రాలేకపోయేవారు. వారిని తప్పుపట్టలేను, ఆ వాసన భరించడం మాకే కష్టమైన రోజులున్నాయి. అయితే తన కోసం చేసే ప్రార్థనను గోడ అవతల నుంచి వింటూ పడుకునే మనిషికి ఆ ప్రార్థన ఎలా వినిపిస్తుందో ఒక్కసారి ఆలోచించాలి. ఆమె ఒకప్పుడు ఆ సమాజానికే పెద్ద గొంతు.

ఈ వాసనకు మందు ఉంది. మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి, ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీటితో కడిగిన పుండు మీద చల్లి కట్టు కడితే కొద్ది రోజుల్లోనే వాసన చాలా మటుకు తగ్గుతుంది. మాత్ర ఖరీదు కూడా తక్కువే. నర్సు ముగ్గురు స్త్రీలకు ఆ కట్టు మార్చడం నేర్పింది. వారిలో ఒకామె మొదటి రోజు ఇంటి వెనక్కి వెళ్లి వాంతి చేసుకుంది. మరుసటి రోజు అందరికంటే ముందు వచ్చింది. కనికరం గురించి నేను చేసిన ప్రసంగాలు చాలానే ఉన్నాయి, ఇకపై ఆ మాట ఎక్కడ చదివినా నాకు ఈమే గుర్తొస్తుంది. కట్టు మార్చేవాళ్లు గదిలోకి వచ్చారు కాబట్టి ప్రార్థన కూడా గదిలోకి వచ్చింది.

ప్రార్థన తీరు కూడా మారవలసి వచ్చింది. గంటసేపు గట్టిగా ప్రార్థిస్తే రోగి అలసిపోతుంది. గొంతు పోయిన ఆమెకు, తనకు ఇక ప్రార్థన రాదన్న దుఃఖం లోపల ఉండేది. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, ఉచ్చరింప శక్యము కాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపన చేస్తాడన్న మాట చదివి, నువ్వు ఇన్ని రోజులూ మింగేసిన మూలుగు ప్రార్థనే అమ్మా అన్నాను. అప్పటి నుంచి స్త్రీలు రెండు మూడు వాక్యాలు పలికి ఆగేవారు. ఆమె “ఊఁ” అనేది. మళ్లీ రెండు వాక్యాలు. మందు ఇచ్చే గంటలకు ముందు కొడుకు చిన్న ప్రార్థన చేసేవాడు. ప్రార్థన ఆలస్యమైనా మందు ఆలస్యం కాకూడదని అతనికి గట్టిగా చెప్పాను. నొప్పి పదికి తొమ్మిది అని ఆమె మొదటిసారి నిజం చెప్పిన వారం నుంచి, రెండు వారాల్లో అది మూడుకు దిగింది. రాత్రుళ్లు నిద్రపోయింది.

సంఘంలో

ఆమె స్వస్థత పొందిందని సంఘంలో ప్రకటించిన పాస్టర్ గారితో మాట్లాడటం నాకు కష్టమైన పని. ఆయన మంచివాడు, నా కంటే చిన్నవాడు. స్వస్థత కోసం ప్రార్థన మానమని నేను ఆయనను అడగలేదు, నేనూ మానలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకుంటే, ముల్లు పోలేదు, “నా కృప నీకు చాలును” అన్న మాట వచ్చింది. ఆ మాట విన్నాక పౌలును ఎవరూ అవిశ్వాసి అనలేదు కదా అని మాత్రం అన్నాను. రెండు ఆదివారాలు ఆయన ఏమీ మాట్లాడలేదు. మూడో ఆదివారం ఆరాధనలో, మన సహోదరికి నొప్పి తిరిగి వచ్చిందనీ, మందు తీసుకుంటోందనీ, దేవుని మీద ఆమె నమ్మకం అలాగే ఉందనీ చెప్పి ప్రార్థించారు. రెండు కుటుంబాలు నొచ్చుకున్నాయి.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి ప్రభువు బల్ల ఇచ్చారు. ఆమెకు మింగడం చేతకాదు. రొట్టె ముక్క కొసను ద్రాక్షరసంలో ముంచి పెదాలకు తాకించారు. ఆమె నాలుకతో ఆ తడిని అందుకుంది. కోడలు, కొడుకులు, ముగ్గురు స్త్రీలు, నర్సు అంతా అక్కడే ఉన్నారు.

చివరి వారం, ఆ తరువాత

తొమ్మిదో వారంలో ఆమెకు మెలకువ తగ్గుతూ వచ్చింది. డాక్టరు పరీక్షించి, ఇది మందు మత్తు కాదనీ శరీరం అలసిపోతోందనీ ఇంటివారికి విడమరిచి చెప్పారు. ఆ మాట ముందే చెప్పడం చాలా అవసరం, లేకపోతే ఆఖరి మాత్ర ఇచ్చిన చెయ్యి జీవితాంతం తనను తాను నిందించుకుంటుంది. ఒక తెల్లవారుజామున ఆమె వెళ్లిపోయింది. చిన్న కొడుకు 23వ కీర్తన చెబుతూ, గాఢాంధకారపు లోయ దగ్గర ఆగిపోతే, పెద్ద కొడుకు అందుకుని పూర్తి చేశాడట.

అంతా సవ్యంగా ముగిసిందని చెప్పలేను. సమాధి చేసిన మూడో రోజున చిన్న కొడుకు తాగాడు. తర్వాత రెండు నెలల్లో ఇంకోసారి తాగాడు. తల్లి భయపడింది నిజమే అయిందా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆ రెండుసార్లూ అతను తానే నాకు ఫోను చేసి చెప్పాడు. ఇప్పుడు మా ఆసుపత్రిలో తాగుడు మాన్పించే కౌన్సెలర్ దగ్గరికి వస్తున్నాడు. మందు తీసుకోకుండా ఉండి ఉంటే అమ్మ బతికేదేమోనన్న ఆలోచన పెద్ద కొడుకును ఇంకా వదల్లేదు. ఆ కూడికకు వెళ్లే బంధువులు ఆ మాటే అతని చెవిలో వేస్తున్నారు. అతని దగ్గరికి నెలకోసారి వెళ్తున్నాను, ఎక్కువగా వినడానికే.

మిగిలిన మార్ఫిన్ మాత్రలను ఆసుపత్రికి తిరిగి అప్పగించాలి. అంత్యక్రియలు జరిగిన మరుసటి వారం చిన్న కొడుకు వాటిని తానే తెచ్చాడు, లెక్క సరిపోయింది. వాటితో పాటు గడులు గీసిన కాగితాలు కూడా ఇచ్చాడు. చూస్తుంటే, ఆరు, పది, రెండు, ఆరు, పది అని వేసిన గడుల కింద చేత్తో అదనంగా గీసిన ఇంకో వరుస కనిపించింది, రాత్రి రెండు గంటలది. ఆ గంటకు మాత్ర లేదు, అయినా దాదాపు ప్రతి రాత్రీ టిక్కు ఉంది. ఇదేమిటి, రాత్రి కూడా ఇచ్చావా అని నర్సు కంగారుగా అడిగింది.

“మాత్ర కాదండీ,” అన్నాడు. “ఆ టైముకి లేచి ప్రార్థన చేసేవోణ్ని. ఎక్కడ రాయాలో తెలీక అక్కడే రాశాను.”